గాడిలో కుంకుమ

29 సెప్టెంబర్ 2007, శనివారం

ఈ డైరీ ఫ్యాక్టరీ వాళ్ళు ఇచ్చినది, 1998ది. ఆ ఏడాదే మూత వేశారు. మనుషులను ఇంటికి పంపించి డైరీలు మాత్రం అందరికీ పంచారు. వారాలు కలవవు, కొట్టేసి రాసుకుంటున్నాను. కోపం వచ్చిందని ఇంట్లో చెబితే నా భార్య దయావతి "ప్రార్థన చేసుకుందాం కూసో" అంటుంది. ప్రార్థన తర్వాత చేసుకోవచ్చు. ముందు నాకు తిట్టుకోవాలని ఉంది.

ఇవాళ పెయింట్‌బాల్ ఆట మధ్యలో మూడు గన్నులు ఇరుక్కున్నాయి. ఇరుక్కోవా మరి? కొల్లూరు దారిలో పొద్దున్నుంచీ రింగు రోడ్డు మట్టి టిప్పర్లే. ఆ దుమ్ములో ఆఫీసుల వాళ్ళు వచ్చి ఒకరినొకరు రంగు గోలీలతో కాల్చుకుంటారు. నేల మీద పొర్లుతారు, గన్నును మట్టిలో పడేసి ఫొటోలు దిగుతారు. పగిలిన గోలీల రంగు జిగురులా కారుతుంది, దాని మీద దుమ్ము కూర్చుంటుంది. ఈ గన్నుకి పక్కన బెత్తెడు గాడి ఉంది. ఆ గాడిలోంచి ఇనుప పిడి ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది. కాల్చిన ప్రతిసారీ అది ముందుకూ వెనక్కూ పరుగెత్తుతుంది. లోపలి సుత్తి, స్ప్రింగు, సుత్తిని పట్టి ఆపే గోరంత కొక్కెం, అన్నీ ఆకాశానికి కనబడుతూనే ఉంటాయి.

పటాన్‌చెరు ఫ్యాక్టరీ షెడ్డులో ఇరవై ఏళ్ళు ఫిట్టరుగా చేశాను. కదిలే భాగం బయటికి కనబడకూడదు, అంతే. లేత్ మిషను మీద గుడ్డ కప్పకుండా భోజనానికి లేస్తే మా ఫోర్‌మన్ టిఫిన్ డబ్బా లాక్కునేవాడు. ఇక్కడ గన్నులు విప్పి బాగుచేసే పని నాది, వాటికి గుడ్డ తొడుగులు కుట్టిద్దామంటే ఓనరు వీర్రాజు పడి పడి నవ్వాడు.

"గన్నులకి లాగూలు కుట్టిస్తావా సుందర్‌రాజూ? అసలు గన్ను అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? మార్కర్ అను. ఇది ఆయుధం కాదు, ఆటవస్తువు."

ఆటవస్తువట! అయితే ఆడేవాళ్ళకు మాస్కులెందుకు? పన్నెండు గన్నులకు లెక్కపెట్టి పన్నెండు మాస్కులే తెప్పించాడు. మైదానంలో తిరిగే నాకూ, వాచ్‌మన్ పెంటయ్యకూ లేవు. అడిగితే "మీరు ఆడరు కదా" అన్నాడు. గోలీకి ఎవరు ఆడుతున్నారో, ఎవరు ఊడుస్తున్నారో తెలుస్తుందా?

30 సెప్టెంబర్, ఆదివారం

చర్చికి పోలేదు. ఇది తొమ్మిదో ఆదివారం. ఆదివారాలే కదా వీళ్ళకు ఆటలు.

4 అక్టోబర్, గురువారం

ఇవాళ వెళ్ళేసరికి గన్నులు నాలుగు బావి మోటరు పక్కన బోర్లా పడుకుని ఉన్నాయి, నీళ్ళు కారుతూ. పెంటయ్య పైపు పెట్టి కడిగేశాడు! నా నెత్తి మీద కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"బురద పట్టినయ్ తమ్మీ, నీకెందుకు పరేషాన్ అని కడిగిన. నాగలి కడగనా? గట్లనే గదా."

"నాగలికి స్ప్రింగు ఉంటదా అన్నా?"

"గదీ నిజమే." పెద్దగా నవ్వాడు. నవ్వితే ఆయన కళ్ళు కనబడవు.

ఆ మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం. ఈ ఆరెకరాలూ ఒకప్పుడు ఆయనవే. జొన్న పండించిన చేనుకే ఇప్పుడు కావలి. గేటు పక్క గదిలో బిడ్డ సుమిత్రతో ఉంటాడు, ఆ అమ్మాయి మాస్కులు కడిగి పంచిపెడుతుంది. ఇంత జరిగినా ఆయనకు ఎవరి మీదా కోపం లేదు. అదే నాకు కోపం.

నాలుగూ విప్పి, ఆరబెట్టి, నూనె వేసి బిగించేసరికి మధ్యాహ్నం మూడయింది.

13 అక్టోబర్, శనివారం

వీర్రాజు రిజిస్టరు తెచ్చాడు. ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు, పక్కన "శుభ్రం చేయబడినది" అని గడి, దాని పక్కన నా సంతకం. ఎవరో కస్టమరు గొడవ పెట్టుకున్నాడట. మంచిదే. ఫ్యాక్టరీలో నా సంతకం ఉన్న పీసును మళ్ళీ కొలిచి చూసినవాడు లేడు. తొడుగులకు దిక్కు లేదు గానీ సంతకానికి గడి గీయించాడు.

17 అక్టోబర్, బుధవారం

దసరాకు ఆయుధ పూజ చేస్తారట, గన్నులకు. ఆదివారం పొద్దున ఫొటోగ్రాఫరును కూడా పిలిచాడు వీర్రాజు.

"ఆయుధం కాదన్నారు కదా సార్, మరి ఆయుధ పూజ దేనికి?" అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు.

పెంటయ్య మాత్రం సంబరంగా ఉన్నాడు. "నాగలి పోయె, బండి పోయె. మూడేండ్ల సంది బొట్టు పెట్టనీకె ఒక్క పనిముట్టు లేదు నాకు. ఇప్పుడు గివ్వే గదా మనకు అన్నం పెట్టేటియి."

నేను చెప్పాల్సింది వేరే ఉంది. పూజ చేసుకోండి, బొట్టు మాత్రం చేత్తో పట్టుకునే ప్లాస్టిక్ పిడికే పెట్టండి, గాడి జోలికి పోవద్దు, కుంకుమ నూనెలో కలిస్తే పేస్టయిపోతుంది, పసుపు ఎండితే సిమెంటే అని విడమరిచి చెప్పాను. ఫ్యాక్టరీలో ఇరవై దసరాలు చూశాను నేను. లేత్‌లకు దండలు వేసేవారు, బొట్లు పెట్టేవారు, అన్నీ మూతల మీదే. అక్కడ మూత ఉంది కాబట్టి సరిపోయింది. ఈ గన్నుకు మూతెక్కడుంది? గుండెకాయ బయటపెట్టుకుని తిరుగుతుంది కదా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత వీర్రాజు నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ పట్టింపులు నాకర్థమవుతాయి సుందర్‌రాజూ. నిన్ను ఇబ్బంది పెట్టం. ఆదివారం సెలవు తీసుకో. హాయిగా చర్చికి వెళ్ళు."

పెంటయ్య కూడా "అవు తమ్మీ, నీ మతానికి అడ్డం ఎందుకు రావాలె మేము" అన్నాడు, ఎంతో ప్రేమగా.

నేను మాట్లాడింది స్ప్రింగు గురించి. వాళ్ళు విన్నది యేసు గురించి. ఇరవై ఏళ్ళ పనితనం ఒక్క మాటతో మతమైపోయింది! ఇన్ని ఆదివారాలు కాళ్ళావేళ్ళా పడితే దొరకని సెలవు, నోరు మూయించడానికి మాత్రం దొరికింది.

21 అక్టోబర్, ఆదివారం

చర్చికి పోయాను. దయావతి ఇస్త్రీ చేసిన చొక్కా ఇచ్చింది. పాస్టరు గారు ఏం చెప్పారో గుర్తు లేదు.

22 అక్టోబర్, సోమవారం

వచ్చి అల్మారా తెరిచాను. పన్నెండు గన్నులు పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. పసుపు, కుంకుమ, గంధం, బంతిపూల దండలు. పిడికి పెట్టమన్న బొట్టు పిడికీ పెట్టారు, గొట్టానికీ పెట్టారు, గాడి పొడవునా వేలితో గీత కూడా గీశారు. ఫొటోలో బాగా పడాలని వీర్రాజే గీయమన్నాడట, పెంటయ్య చెప్పాడు. మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టారట. నూనె కుంకుమను పీల్చుకుంది. గాడిలో వేలు పెడితే ఎర్రగా గోరు నిండా వచ్చింది. ఒకదాంట్లో బంతిపూల దారం స్ప్రింగుకు చుట్టుకుని ఉంది.

"మంచిగున్నయా?" అని పెంటయ్య గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో విస్తరాకు పొట్లం. "గిది కొబ్బరి. దేవునికాడ పెట్టింది కాదు తమ్మీ, నీ కోసం కొట్టకముందే వేరే కాయ తీసి పెట్టిన. నువ్వు తినొచ్చు."

నేను ఆయన వైపు చూడలేదు. అక్కడ పెట్టమన్నాను. పెట్టి కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. పొట్లాన్ని తీసి పనిముట్ల పెట్టెలో పడేశాను. అప్పుడు ఆ పొట్లాన్ని చూస్తే కూడా మండిపోయింది నాకు. కొబ్బరి విడిగా తీసిపెట్టాలని తెలిసింది గానీ గాడిని వదిలెయ్యాలని తెలియలేదు!

ఒక్కొక్కటీ విప్పాను. పది నిమిషాల పని, ఇవాళ ఒక్కోదానికి అరగంట పట్టింది. సుత్తి, కొక్కెం, స్ప్రింగు అన్నీ కిరసనాయిలులో ముంచి, బ్రష్షుతో గీకి, ఆరబెట్టి, మళ్ళీ నూనె. చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. సబ్బుతో పోలేదు. ఇంటికి వస్తే దయావతి హడలిపోయింది.

శనివారం ఏదో పెద్ద కంపెనీ వాళ్ళు వస్తున్నారట, వీర్రాజు పొద్దున్నుంచీ అదే పాట. వాళ్ళు నచ్చితే ప్రతి నెలా వస్తారట. వాళ్ళ ముందు ఒక్కటంటే ఒక్కటి ఇరుక్కోవాలి. అప్పుడు తెలుస్తుంది గాడి అంటే ఏమిటో, నా మాట అంటే ఏమిటో.

పన్నెండూ శుభ్రం చేశాను. సంతకం పెట్టాను.

25 అక్టోబర్, గురువారం

పన్నెండూ అయిపోయాయి కాబట్టి మళ్ళీ విప్పి చూడాల్సిన పనేమీ లేదు.

27 అక్టోబర్, శనివారం

పెంటయ్య కంట్లో తగిలింది. కుడి కన్ను. ఏడో నంబరు.

28 అక్టోబర్, ఆదివారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

ఆట అయిపోయింది. అందరూ మాస్కులు తీసేశారు. పెంటయ్య ఎప్పటిలాగే గన్నులు పోగుచేస్తున్నాడు. లావుపాటి అద్దాల మనిషి ఒకాయన ఏడో నంబరు అందించాడు. గొట్టం మూతికి తొడగాల్సిన సంచి తొడగలేదు. పెంటయ్య చెయ్యి చాపాడు. ట్రిగ్గరు ఎవరూ నొక్కలేదు. నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను, ఆ మనిషి వేలు బయటే ఉండటం నా కళ్ళతో చూశాను. టప్ మని దానంతట అదే పేలింది.

ముందు నారింజ రంగు కనబడింది, తర్వాత ఎరుపు. పెంటయ్య అరవలేదు. కింద కూర్చుని "ఏమైంది తమ్మీ, ఏమైంది?" అన్నాడు నన్ను వెతుక్కుంటూ. సుమిత్ర మాస్కుల గంప పడేసి పరుగెత్తుకొచ్చింది. ఆ కంపెనీ వాళ్ళ కార్లోనే పట్నం కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. చూపు సగం రావచ్చట, రాకపోవచ్చట. నెల దాటితే గానీ చెప్పలేరట.

మాకు మాస్కులు ఇవ్వనివాడు వీర్రాజు. గాడిలో గీత గీయమన్నది వీర్రాజు. సంచి తొడగనివాడు ఆ అద్దాలవాడు. ఇట్లాంటి గన్ను చేసినవాడు ఎవడో, ఏ దేశంలో ఉన్నాడో. నేను మూడుసార్లు చెప్పాను. పన్నెండూ శుభ్రం చేశాను. రిజిస్టరులో ఉంది.

29 అక్టోబర్, సోమవారం

వీర్రాజు పిలిచి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పించాడంటేనే అర్థం చేసుకోవాలి.

"నువ్వే కరెక్టు సుందర్‌రాజూ. నీ మాట వినాల్సింది. నువ్వు వద్దన్నా ఆ ముసలాయన గన్ను నిండా కుంకుమ పూశాడు, అందుకే ఇలా అయిందని ఒక్క కాగితం రాసివ్వు. టెక్నీషియన్‌వి, నీ మాటకు విలువుంటుంది. ఆయన సొంత తప్పయితే ఆసుపత్రి ఖర్చు నా మీద పడదు. ఇక ఆయన్ని గదిలో ఎలా ఉంచుతాను, నువ్వే చెప్పు?"

ఆరు నెలల్లో మొదటిసారి నువ్వే కరెక్టు అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి ఈ మాట కోసం చూశానో! విన్నాక టీ గ్లాసు పక్కన పెట్టేశాను. శనివారం లోపల రాసిస్తానన్నాను. తొడుగులు కూడా కుట్టించుకోమన్నాడు.

ఏడో నంబరు నా అల్మారాలోనే ఉంది. తాళం నా దగ్గరే ఉంది. విప్పలేదు.

పన్నెండూ శుభ్రం చేశాను.

31 అక్టోబర్, బుధవారం

ఆసుపత్రికి పోయాను. పెంటయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు, సగం మొహానికి కట్టు. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

"సుందర్‌రాజు తమ్మి గదా? రా, కూసో. నువ్వు జెప్పినవ్, నేనే ఇనలే. నువ్వు మీ దేవుని మాట జెప్తున్నవ్ అనుకున్న. నువ్వు జెప్పింది పని మాట." తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "మా నాయన కాలం సంది పెడుతున్నం బొట్టు. నాగలికి పెట్టినం, కొడవలికి పెట్టినం. ఏదీ మమ్మల్ని కొట్టలే. ఇగ ఈ చేత్తోని ఏ పనిముట్టుకూ పెట్ట తమ్మీ. ఒట్టు."

నేను అరటిపళ్ళు బల్ల మీద పెట్టాను.

బయట వరండాలో సుమిత్ర ఆపింది. "కాకా, నువ్వు నిజం జెప్పు. మా నాయన కుంకుమ పెట్టుడు వల్లనే అయిందా? ఓనరు గట్లనే అంటుండు. గది ఖాళీ జెయ్యమని జెప్పిండు. నాయన అయితే అన్నిటికీ తలూపుతుండు. నువ్వన్నీ తుడిచినవ్ గదా కాకా? సోమవారం పొద్దుందాక నువ్వు తుడుసుడు నేను సూశిన. తుడిస్తే కుంకుమ ఎట్లుంటది?"

ఆ అమ్మాయికి ఎవరూ ఫిట్టరు పని నేర్పలేదు. అయినా తిన్నగా కొక్కెం మీదే వేలు పెట్టింది. నాకు కోపం వచ్చింది, దాని మీద! ఎందుకొచ్చిందో నాకు తెలుసు.

"చూసి చెప్తాను" అని వచ్చేశాను.

2 నవంబర్, శుక్రవారం

పదకొండు.

పదకొండు శుభ్రం చేశాను.

ఆ సోమవారం ఏడో నంబరును చేతిలోకి తీసుకున్నాను. గాడి నిండా కుంకుమ. అన్నిటికంటే దాంట్లోనే ఎక్కువ. స్క్రూ మీద డ్రైవరు పెట్టాను కూడా. అప్పుడు అనిపించింది, నేనెందుకు తుడవాలి? నేను తుడిచి బాగుచేస్తే వాళ్ళకు ఎప్పటికి తెలుస్తుంది? శనివారం ఆ కంపెనీ వాళ్ళ ముందు ఇది ఇరుక్కోవాలి, వీర్రాజు తల వంచుకుని నా దగ్గరికి రావాలి అనుకున్నాను. పైపైన గుడ్డతో తుడిచి, మిగతావాటి మధ్య దాని మేకుకు దాన్ని తగిలించాను. రిజిస్టరులో ఏడో గడిలో కూడా సంతకం పెట్టాను.

ఇరుక్కుంటుందనుకున్నాను. జారుతుందనుకోలేదు. సుత్తిని పట్టే కొక్కెం కింద ముద్ద చేరితే అది పూర్తిగా పైకి లేవదు, అంచు మీద నిలబడుతుంది, ఏ కుదుపుకైనా వదిలేస్తుంది. కొత్తగా చేరినవాడిక్కూడా నేను ఈ సంగతి చెప్పేవాణ్ణి. ఇరవై ఏళ్ళ ఫిట్టరును. తెలియదని నా డైరీలో నేను రాసుకుంటే ఎవరు నమ్ముతారు? కోపంలో ఉన్నాను, ఇరుక్కోవడమే నాకు కావలసింది, అదొక్కటే ఆలోచించాను.

పదిహేను పేజీలు ఈ డైరీలో అందరినీ తిట్టాను. వెనక్కి తిప్పి చదివితే అన్నీ నిజాలే. ఒక్క పన్నెండు అన్న మాట తప్ప.

దయావతికి చెప్పాను. ప్రార్థన చేద్దామంటుందనుకున్నాను. అనలేదు. "రేపు పొద్దుగాలనే పోయి జెప్పు" అంది, లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోయింది.

3 నవంబర్, శనివారం

కాగితం రెండు ప్రతులు రాశాను. "ఏడో నంబరు గన్ను నేను శుభ్రం చేయలేదు. చేసినట్లు రిజిస్టరులో సంతకం పెట్టింది నేనే. శుభ్రం చేసి ఉంటే పూజ కుంకుమ వల్ల ప్రమాదం జరిగేది కాదు. మైదానంలో పనిచేసేవారికి మాస్కులు ఇవ్వలేదు." కింద పేరు పూర్తిగా రాశాను.

మొదటి ప్రతి ఆసుపత్రిలో సుమిత్ర చేతికిచ్చాను. ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది. మొహం ఎర్రబడింది. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండును. కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో పెట్టుకుని, నన్ను దాటుకుని గుమ్మంలో వెళ్ళి నిలబడింది.

పెంటయ్యకు నా నోటితోనే చెప్పాను. ఏదీ దాచలేదు. కంపెనీ వాళ్ళ ముందు ఇరుక్కోవాలని కోరుకున్నానని కూడా చెప్పాను. తిడతాడేమోనని చూశాను. చెయ్యెత్తి కొట్టినా పడి ఉండేవాణ్ణి. ఆయన కట్టు లేని కన్నుతో నన్ను చాలాసేపు చూశాడు. ఈసారి నవ్వలేదు, అందుకే ఆ కన్ను పూర్తిగా కనబడింది.

"అంటే బొట్టుది తప్పు గాదు."

"కాదన్నా. తుడిస్తే పోయేది."

"పదకొండు తుడిచినవ్ గదా తమ్మీ." గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "పన్నెండోదానికి ఎంతసేపు పడుతుండె?"

అరగంట అన్నాను.

ఆయన తల గోడ వైపు తిప్పుకున్నాడు. నేను వచ్చేశాను.

రెండో ప్రతి వీర్రాజుకిచ్చాను. చదివి, "నీకు మతి గానీ పోయిందా? ఇది నా మీదకు వస్తుంది!" అన్నాడు. మీ మీదకూ నా మీదకూ వస్తుంది, ఇంకోటి సుమిత్ర దగ్గరుంది, వాళ్ళను గది ఖాళీ చేయించే ముందు అది చూసుకోండి అన్నాను. రేపటి నుంచి రావద్దన్నాడు. అల్మారా తాళం ఇమ్మన్నాడు. ఇస్తాను, ముందు ఏడో నంబరు మీ ఎదురుగా విప్పాలి అన్నాను.

విప్పాను. కొక్కెం కింద ఎర్రటి ముద్ద, గోరంత. అది చూశాక వీర్రాజు కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళి ఎవరికో ఫోను చేసుకున్నాడు.

తాళం ఇచ్చే ముందు దాన్ని శుభ్రం చేద్దామనిపించింది. పెట్టెలో బ్రష్షు తీస్తుంటే విస్తరాకు పొట్లం చేతికి తగిలింది. కొబ్బరి ఎండి కుంచించుకుపోయి ఉంది. పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టాను. సుత్తి, స్ప్రింగు, కొక్కెం. కిరసనాయిలు, బ్రష్షు, గుడ్డ, నూనె. బిగించి, గాడిని వేలితో తడిమి చూశాను. వేలికి ఏమీ అంటలేదు. గోడ గడియారం వైపు చూశాను.

అరగంట పట్టలేదు. పదమూడు నిమిషాలు పట్టింది.